మననానికి ప్రతినిధి లేడు

రామకోటి వ్రాసే భక్తులు తెలుగునాట నేటికీ అసంఖ్యాకంగా ఉన్నారు. గళ్ళు గీసిన ఆ పుస్తకాలు దేవాలయాల ముంగిటి దుకాణాలలో దొరుకుతాయి. దినానికి వేయి నామాల నియమం పెట్టుకొన్న గృహిణికి కోటి పూర్తి కావడానికి 10,000 దినాలు, అనగా 27 సంవత్సరాలకు పైగా పడుతుంది. ఒక్క పుట వ్రాసి తక్కినవి జిరాక్సు తీయిస్తే ఒక్క మధ్యాహ్నంలో కోటి పూర్తవుతుందని ఆమెకు తెలియదా? తెలుసు. అయినా ఆ పని చేయదు. చేసినవాడిని చూసి జాలిపడుతుంది. నామం కాగితాన్ని చేరడం వ్రతప్రయోజనం కాదనీ, వ్రాసే చేతిలోకి, తలచే మనస్సులోకి అది చేరాలనీ ఏ శాస్త్రమూ చదవకుండానే ఆమె ఎరుగును.

ఇంతటి సహజవివేకం తత్త్వజిజ్ఞాసువులలో కొద్ది సంవత్సరాలుగా మసకబారుతున్నది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ ప్రజలకు అందుబాటులోకి వచ్చినది మొదలు, ప్రవచనం విని ఇంటికి వచ్చి నాలుగు వాక్యాలు పుస్తకంలో వ్రాసుకొనే అలవాటు గలవారే ఆ పనిని కృత్రిమమేధకు అప్పగిస్తున్నారు. ధ్వనిముద్రిక ఇస్తే సారాంశం వస్తుంది. గీతలోని అధ్యాయం పేరు చెబితే వ్యాఖ్యానం వస్తుంది. ఈ దినం మనస్సు అశాంతిగా ఉన్నది, వైరాగ్యబోధకంగా ఒక పుట కావాలి అంటే ఆ పుట కూడా వస్తుంది. ఆ అశాంతి ఎవరిది, ఆ వైరాగ్యం ఎవరిది అన్న ప్రశ్న మాత్రం రాదు. తెల్లవారేసరికి వాట్సాప్ సమూహాలలో వచ్చిపడే ఆధ్యాత్మిక సందేశాలలో ఎన్నింటికి వ్రాసినవాడంటూ ఒకడున్నాడో చెప్పడం కష్టం. పది, ఇరవై ఏళ్ళుగా సాగిన సాధనా దినచర్యలు అటకెక్కుతున్నాయి. యంత్రం ఇంతకన్న చక్కగా వ్రాస్తున్నప్పుడు మనిషి వ్రాయడమెందుకన్నది వారి వాదం.

చక్కదనం ఎవరికి కావాలి? ప్రచురణకర్తకు కావాలి, సభలో చదివేవాడికి కావాలి. సాధకుని దినచర్యా పుస్తకానికి పాఠకుడు సాధకుడొక్కడే. అక్కడ వాక్యం చక్కగా ఉన్నదా లేదా అన్నది చివరి ప్రశ్న. ఆ వాక్యం అతడిదా కాదా అన్నది మొదటి ప్రశ్న.

ఈ వాదాన్ని సమర్థించేవారిలో శాస్త్రపరిచయం గలవారు మరింత బలమైన పూర్వపక్షాన్ని చేస్తారు. యజ్ఞంలో యజమాని అన్ని పనులూ స్వయంగా చేయడు కదా! జ్యోతిష్టోమంలో 16 మంది ఋత్విజులు పని చేస్తారు, ఫలం మాత్రం దక్షిణ ఇచ్చిన యజమానికి చెందుతుంది. అట్లే యంత్రం ఋత్విక్కు, చందా దక్షిణ, రచనాఫలం సాధకునిది అని. వినడానికి సొంపుగానే ఉన్నది. అయితే ఋత్విజుల విషయాన్ని విచారించిన ఆ మీమాంసాశాస్త్రమే ఈ వాదాన్ని ఖండిస్తున్నది. తృతీయాధ్యాయపు చివరి పాదంలో జైమినిమహర్షి ఏది ఋత్విజులు చేయవచ్చును, ఏది యజమాని స్వయంగానే చేయాలి అన్న విభాగాన్ని చేశాడు. హోమాదులు ఋత్విజులు చేస్తారు. కేశశ్మశ్రు వపనం, ఉపవాసరూపమైన తపస్సు మాత్రం యజమానివే. ఎందుకు? అవి ఆ పురుషుని ఫలభోగానికి అర్హునిగా తీర్చే సంస్కారాలు కావున. దక్షిణ ఇచ్చి ఉపవాసం చేయించుకొన్నవాడి కడుపులో అన్నం అట్లే ఉంటుంది. ఇక తేల్చవలసింది ఒక్కటే: సాధకుడు అనుదినం వ్రాసుకొనే పుట హోమం వంటిదా, ఉపవాసం వంటిదా? బయట ఒక వస్తువు సిద్ధం కావడం దాని ప్రయోజనమైతే యంత్రానికి అప్పగించవచ్చు. వ్రాసేవాడు మారడం ప్రయోజనమైతే దక్షిణ ఎంత ఇచ్చినా ఆ పని మరొకరి చేత కాదు. ఆకలిగొన్నవాడి బదులు మరొకడు భుజించలేడు. ఔషధం పేరు ఎంత అందంగా వ్రాయించుకొన్నా రోగం పోదు.

సమాధానం తెలిసికూడా చెప్పకుండా ఉండడంలో ఉన్న కరుణను తైత్తిరీయోపనిషత్తులోని భృగువల్లి చూపుతుంది. వరుణుని కుమారుడైన భృగువు తండ్రిని సమీపించి బ్రహ్మమును బోధింపుమని కోరాడు. వరుణునికి సమాధానం తెలుసు. ఒక్క మాటలో చెప్పగలడు. చెప్పలేదు. విచారించడానికి ఒక లక్షణం మాత్రం ఇచ్చి తపస్సుకు పంపాడు. భృగువు అన్నమే బ్రహ్మమని తెలుసుకొని తిరిగి వచ్చాడు. తండ్రి అది తప్పనలేదు, ఒప్పనలేదు. మరల తపస్సు చేయమన్నాడు. ప్రాణమని వచ్చాడు, మనస్సని వచ్చాడు, విజ్ఞానమని వచ్చాడు. నాలుగుసార్లూ అదే మాట. అయిదవసారి ఆనందమని తెలుసుకొన్నాడు. అప్పుడు తండ్రి దగ్గరకు ప్రశ్నతో తిరిగి వచ్చినట్లు ఉపనిషత్తు చెప్పదు. తెలిసినవాడికి ధ్రువీకరణ పత్రంతో పనిలేదు.

ఇదే ప్రశ్నను నేడు యంత్రాన్ని అడిగితే మొదటి క్షణంలోనే ఆనందమన్న సమాధానం వస్తుంది. పంచకోశాల పట్టిక కూడా జతగా వస్తుంది. సమాధానం సరియైనదే. కాని భృగువు అన్నం దగ్గర ఆగినప్పుడు, ప్రాణం దగ్గర తడబడినప్పుడు కలిగిన అసంతృప్తి ఆ పట్టికలో ఉండదు. ఆ అసంతృప్తియే అతడిని నడిపించింది. సాధకుని పాత పుస్తకాలలోని పొరపాటు వాక్యాలు, అర్ధసత్యాలు, కొట్టివేతలు అన్నీ ఈ భృగువల్లిలోని మొదటి నాలుగు సమాధానాల వంటివి. వాటిని సిగ్గుపడి చింపివేయడం, యంత్రం చేత దిద్దించి తుడిచివేయడం రెండూ ఒకటే అపచారం.

వ్రాత ఏ విధంగా మననమవుతుందో కొంత నిదానించి చూడాలి. ఒక సాధకుడు రజ్జుసర్ప దృష్టాంతం నూరుసార్లు విన్నాడనుకొందాం. మసక వెలుతురులో త్రాడు పామువలె కనిపించింది, దీపం తెచ్చి చూస్తే త్రాడే. అట్లే బ్రహ్మమందు జగత్తు. విన్న ప్రతిసారీ తల ఊపాడు. ఎవరైనా అడిగితే చెప్పగలడు కూడా. ఒక రాత్రి దానిని స్వంతమాటలలో వ్రాద్దామని కూర్చున్నాడు. మూడు వాక్యాలు సాగాయి. నాలుగవ వాక్యంలో, పామును చూసి భయపడినవాడు త్రాడుకు బయట నిలిచి ఉన్నాడు గదా, జగత్తును చూసి భ్రమపడినవాడు ఎక్కడ నిలిచి ఉన్నాడు, అతడు కూడా ఆ భ్రమలోనివాడేనా అన్న సందేహం వచ్చి కలం ఆగింది. నూరుసార్లు విన్నప్పుడు రాని ప్రశ్న అది. వింటున్నప్పుడు వక్త వాక్‌ప్రవాహం సందేహాన్ని దాటించివేస్తుంది. వ్రాస్తున్నప్పుడు దాటించేవారు లేరు.

ఆ సాధకునికి తెలియదు గాని, అతడు తాకిన ప్రశ్న సామాన్యమైనది కాదు. అవిద్యకు ఆశ్రయం జీవుడా, బ్రహ్మమా అని భామతీ, వివరణ ప్రస్థానాలు శతాబ్దాలపాటు వాదించుకొన్న ప్రశ్నకు అది గుమ్మం. వంటింటి బల్ల మీద, చవుక పుస్తకంలో, ఎవరి సహాయమూ లేకుండా అతడు ఆ గుమ్మం దాకా వచ్చాడు. ఆ ప్రశ్న ఇప్పుడు అతడిది. నెల గడిచినా వదలదు. స్నానం చేస్తున్నప్పుడు, బస్సులో నిలుచున్నప్పుడు కదులుతుంది. తరువాత గురువు దగ్గర ఆ ఒక్క వాక్యానికి సమాధానం విన్నప్పుడు అది వానచినుకు పొడినేలలో ఇంకినట్లు ఇంకుతుంది.

అదే రాత్రి యంత్రాన్ని ఆశ్రయించినవాడికి ఏమి జరుగుతుంది? కలం ఆగదు. ఆగవలసిన చోటనే వాక్యం నున్నగా జారిపోతుంది. రెండు ప్రస్థానాల భేదమూ చక్కని పట్టికగా ఎదుట నిలుస్తుంది. అతడికి సమాచారం దక్కింది, ప్రశ్న దక్కలేదు. శ్రవణంతో ప్రమాణగతమైన అసంభావన, మననంతో ప్రమేయగతమైన అసంభావన, నిదిధ్యాసనతో విపరీతభావన తొలగుతాయని అద్వైతసంప్రదాయం చెబుతుంది. సంశయమే పుట్టనివ్వకుండా చేస్తే మననం దేనిని తొలగిస్తుంది? బృహదారణ్యకంలో మైత్రేయికి యాజ్ఞవల్క్యుడు శ్రవణంతో సరిపెట్టక మనన, నిదిధ్యాసనలను వేరుగా విధించడం కాలక్షేపానికి చేసినది కాదు. యంత్రం నిస్సందేహంగా అపారమైన శ్రవణసామగ్రిని ఇస్తుంది. కాని శ్రవణం ఎంత పెరిగినా మననంగా మారదు. నూరు విస్తళ్ళు వడ్డించినంత మాత్రాన జీర్ణం కానట్లు.

ఇక్కడ మరొక ఆక్షేపం వినిపిస్తుంది. వేదం శ్రుతి. ఈ సంప్రదాయం వ్రాతనే అనుమానించింది. నాడు తాటాకు కూడా యంత్రమే, దానిని అంగీకరించినవారు నేటి యంత్రాన్ని ఎందుకు నిందించాలి? పాణినీయశిక్ష అధమపాఠకులు ఆరుగురని లెక్కించి, వ్రాసినది చూసి చదివేవాడిని వారిలో చేర్చిన మాట నిజమే. ఆక్షేపించేవారు ఆ జాబితాను పూర్తిగా చదివితే బాగుంటుంది. అర్థం తెలియకుండా చదివేవాడు కూడా ఆ ఆరుగురిలోనే ఉన్నాడు. నిందింపబడినది తాటాకు కాదు. హృదయంలో ఉండవలసినదానిని బయటనే ఉంచుకొని పని జరుపుకోవడం. తాటాకు మీద ఉన్నదని ధారణను వదిలినవాడు, యంత్రంలో ఉన్నదని విచారణను వదిలినవాడు ఒకే పంక్తిలో కూర్చుంటారు. సాధకుని అనుదిన లేఖనం దీనికి పూర్తిగా వ్యతిరేకదిశలో సాగే వ్యాపారం: లోపల ఉన్నదో లేదో తెలియని దానిని బయటకు తీసి చూసుకోవడం. లేదని తెలిస్తే అదీ లాభమే.

దీర్ఘకాలం అన్న మాటను కూడా తేలికగా తీసుకోరాదు. పతంజలి అభ్యాసానికి మూడు విశేషణాలు చెప్పాడు. దీర్ఘకాలం జరగాలి, ఎడతెగక జరగాలి, ఆదరంతో జరగాలి. అప్పుడే అది దృఢభూమి అవుతుంది. ఈ మూడింటిలో ఒక్కటి కూడా యంత్రానికి వర్తించదు. దానికి కాలం లేదు, ఎడతెగడానికి ధార లేదు, ఆదరించడానికి మనస్సు లేదు.

ఈ సూత్రానికి తెలుగునేల మీద తాళ్ళపాక అన్నమాచార్యునికన్న గొప్ప ఉదాహరణం లేదు. రాగిరేకుల మీది లేఖనం ప్రకారం ఆయన సంకీర్తనారచన 1424లో ఆరంభమై 1503లో దేహత్యాగంతో ముగిసింది. దాదాపు 79 సంవత్సరాలు. దినానికి ఒక్క సంకీర్తనకు తక్కువ కాకుండా రచించాడని సంప్రదాయం; మొత్తం 32,000 అని మనుమడు చిన్నన్న అన్నమాచార్య చరిత్రంలో చెప్పాడు. లెక్క వేస్తే దినానికి ఒకటికి కొంచెం ఎక్కువగా వస్తుంది, రెండు మాటలూ సరిపోతాయి. అందులో నేడు లభించినవి సగం కూడా కావు. లభించినవాటిలోనూ అన్నీ సమానమైనవి కావు. ప్రతి సంకీర్తనా శిఖరమే అనడం భక్తి కావచ్చును గాని సత్యం కాదు. ఒకే భావం, ఒకే ఉపమానం చిన్న మార్పులతో పలుసార్లు వచ్చే దినాలున్నాయి. వ్రతమంటే అదే. మనస్సు పొంగిన దినాన మాత్రమే పాడేవాడు కవి కావచ్చు. పొంగని దినాన కూడా పాడినందువల్ల ఆయన సంకీర్తనాచార్యుడైనాడు. పోయిన వేలాది సంకీర్తనల మాట ఏమిటి? లోకానికి అది తీరని నష్టం. ఆయనకు నష్టం లేదు. అవి ఆయనను తీర్చిదిద్ది వెళ్ళాయి. నేడు ఒక యంత్రం ఆయన శైలిలో ఒక్క రాత్రిలో 32,000 పాటలు కూర్చగలదని కొందరు మురిసిపోతున్నారు. కూర్చవచ్చు. ఆ రాత్రి గడిచాక తెల్లవారి లేచే అన్నమయ్య ఎవరు?

మహాభక్తుల మాట అట్లుండనిచ్చి ఉద్యోగస్థుడైన గృహస్థును చూద్దాం. చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో ద్విభాషిగా ఉన్న ఏనుగుల వీరాస్వామయ్య 1830 మేలో కాశీయాత్రకు బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చాడు. మజిలీ మజిలీకీ చూసినదంతా వ్రాసి మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళకు పంపాడు. దారులు, నదులు, సత్రాలు, అంగళ్ళు, మధ్యమధ్య తత్త్వవిచారం. ఆ వచనం అలంకారశాస్త్రానికి తలవంచదు. నేటి యంత్రానికి ఇస్తే వాక్యానికొక దిద్దుబాటు చేస్తుంది. దిద్దిన పిదప అందులో వీరాస్వామయ్య ఉండడు. పల్లకీబోయీల అలుపు, వాన తడి, సాయంకాలపు సందేహం ఉండవు. ప్రయాణంలో కూడా వదలని నియమం ఆ గ్రంథానికి ప్రాణం.

యంత్రవాక్యం ఏ ప్రమాణమో కూడా అడగవలసి ఉన్నది. వస్తువును సాక్షాత్తుగా ఎరిగి, ఎరిగినదానిని యథాతథంగా చెప్పాలన్న కోరిక గలవాడు ఆప్తుడని న్యాయభాష్యకారుడు వాత్స్యాయనుడు నిర్వచించాడు. ఈ యంత్రం పూర్వలిఖిత వాఙ్మయరాశిలో ఏ పదం తరువాత ఏ పదం వచ్చే అవకాశమున్నదో అభ్యసించి వాక్యాన్ని అల్లుతుంది. దానికి వస్తుసాక్షాత్కారం లేదు, చెప్పాలన్న కోరికా లేదు. అందుకే ఉపనిషత్తులలో లేని మంత్రాలను కూడా ఉపనిషత్తుల పేరుతో నిస్సంకోచంగా ఇస్తుంది. అబద్ధమాడుతున్నదని దానిని నిందించడం కూడా తగదు. అబద్ధానికి సైతం ఒక ఉద్దేశం ఉండాలి. వ్యాసునికి లేఖకుడు కావడానికి వినాయకుడు ఒప్పుకొన్నప్పటి ఒడంబడిక లోకప్రసిద్ధం: కలం ఆగరాదని వినాయకుని నియమం, అర్థం చేసుకోకుండా వ్రాయరాదని వ్యాసుని నియమం. నేటి ఒడంబడికలో మొదటి నియమమొక్కటే మిగిలింది.

అయితే యంత్రం సర్వథా త్యాజ్యమని చెప్పడం సబబు కాదు. చూపు మందగించిన వృద్ధునికి గ్రంథాన్ని చదివి వినిపించడం, పదానికి అర్థం వెతికిపెట్టడం, ఒక ప్రకరణం ఎక్కడ ఉన్నదో చూపడం, ఇవన్నీ సేవలే. చేతులు వణికేవాడు నోటితో చెబుతుంటే అక్షరాలుగా మార్చిపెట్టడం మహోపకారం. అక్కడ భావం చెప్పేవాడిదే; యంత్రం ఘంటం మాత్రమే. ఘంటమే వ్యాసుడై కూర్చున్నప్పుడు గదా చిక్కు.

దినచర్య వ్రాయడం అహంకారాన్ని పెంచుతుందని మరికొందరు వైరాగ్యశీలురు అంటారు. నిత్యం తన గురించి తాను వ్రాసుకొనేవాడు ఆత్మవిచారం చేస్తున్నాడా, ఆత్మస్తుతి చేస్తున్నాడా? ఈ ప్రశ్నలో నిజాయితీ ఉన్నది. అటువంటి దినచర్యలు లేకపోలేదు. కాని స్వహస్తంతో వ్రాసినవాడికి ఒక శిక్ష తప్పదు: తన పాత పుటలు తానే చదవవలసి వస్తుంది. కోపాన్ని జయించానని ఒక ఉగాదినాడు వ్రాసినవాడు, తరువాతి సంవత్సరం పుస్తకంలో అదే కోపం, అదే మనిషి మీద, అవే మాటలతో ఉండడం చూస్తాడు. ఏ గురువు చీవాట్లకూ అంత పదును ఉండదు. ఏడేళ్ళ పుస్తకాలు ఎదుట పెట్టుకొన్నవాడికి తన మనస్సు వస్తువువలె, దృశ్యంగా కనిపించడం మొదలవుతుంది. చూసేవాడు వేరని అప్పుడు తోచడానికి అవకాశం ఉంది. యంత్రం వ్రాసిన పుటలు ఇటువంటి సాక్ష్యం చెప్పవు. అందులో వ్రాసినవాడు ఎన్నడూ కోపపడడు, ఎన్నడూ తడబడడు. ఎరువు సొమ్ము పెట్టుకొని అద్దంలో చూసుకొని మురిసినట్లు, ఇతరుల పరిపక్వతను తన పేరుతో చదువుకొని మురిసే అహంకారం దినచర్యలోని అహంకారంకన్న ఎన్నో రెట్లు సూక్ష్మమైనది, అపాయకరమైనది.

ఏ పూజకైనా ముందు సంకల్పం చెబుతారు. ఏ ద్వీపంలో, ఏ నదుల మధ్య, ఏ సంవత్సరం, ఏ మాసం, ఏ తిథిలో, ఏ గోత్రంలో పుట్టిన ఏ పేరుగలవాడు ఈ కర్మ చేస్తున్నాడో స్పష్టంగా పలకనిదే కర్మ ఆరంభం కాదు. సర్వదేశకాలాతీతుడైన పరమాత్మను ఆరాధించేవాడికి కూడా తాను నిలిచిన దేశకాలాలను ఒప్పుకోవలసిన విధి ఉన్నది. దినచర్యా పుటకు పైన వేసే తేదీ ఆ సంకల్పమే. దేశం లేక, కాలం లేక, గోత్రనామాలు లేక వచ్చే యంత్రవాక్యానికి సంకల్పం ఎవరు చెప్పగలరు?

అరవై దాటాక ఆరంభిస్తే దీర్ఘకాలం ఎక్కడిదని నిరుత్సాహపడేవారున్నారు. దినానికి అర్ధపుట చొప్పున పదేళ్ళలో 1,800 పుటలు దాటుతాయి. 200 పుటల పుస్తకాలు తొమ్మిది నిండుతాయి. తిథి వేసి, ఆ దినం విన్నదానిలో అర్థం కానిది ఒక్కటి, చేసినదానిలో చేయకూడనిది ఒక్కటి వ్రాస్తే చాలు. భాష గ్రాంథికమా, వాడుకా అన్న చింత అక్కరలేదు. ఆగిన వాక్యాన్ని ఆగినచోటనే వదలివేయాలి. పూర్తి చేయించడానికి ఫోను వైపు చేయి చాచరాదు. ఆ వాక్యానికి తరువాతి ముక్క మూడు నెలల తరువాత రావచ్చు, మూడేళ్ళకు రావచ్చు. వచ్చినప్పుడు వెనుకటి పుట తీసి, ఖాళీ ఉన్నచోట, వేరే సిరాతో వ్రాసుకోవాలి.